మిషన్లొస్తే మన పనులేమవుతాయి? షాపులో రోజూ అడిగే డౌట్లు

మాది తెనాలి వైపు ఒక చిన్న డీటీపీ, జిరాక్సు షాపు, ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా పెడతాం. సర్వర్ స్లోగా ఉన్నప్పుడు జనం బల్ల మీద కూర్చుని మాట్లాడుకునేది ఈమధ్య ఒకటే టాపిక్, ఏఐ వచ్చిందంట, ఉద్యోగాలు పోతాయంట. చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇదంతా ఒకచోట టైప్ చేసిపెట్టా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఏదో అది చూసుకోండి చాలు. నేను ఎకనామిక్స్ ప్రొఫెసర్ని కాదు, ప్రెస్సు కంపోజిటర్ కొడుకుని, ఒక పని మొత్తానికి మొత్తం మాయమవడం ఇంట్లో కూర్చుని చూసినవాణ్ణి.

## మొదటి భయాలు

ఆటోమేషన్ అంటే ఏఐయేనా, లేకపోతే రోబోలా?

మనిషి చెయ్యి పడకుండా పని జరిగిపోతే అది ఆటోమేషనే, దానికి రోబోనే రావాలని లేదు. 2021 ఫిబ్రవరిలో టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు, అంతకుముందు ప్రతి లైన్లో ఒక కుర్రాడు చిల్లర లెక్కపెడుతూ కూర్చునేవాడు, ఇప్పుడు ఆ కుర్చీ పని చాలావరకు అద్దానికి అంటించిన స్టిక్కరే చేస్తోంది. ఏఐలో కొత్త సంగతేంటంటే ఇదివరకు మిషన్‌కి ఇది చెయ్యి తర్వాత అది చెయ్యి అని ఒక్కో మెట్టూ రాసివ్వాల్సొచ్చేది, ఇప్పుడు వేలూ లక్షలూ ఉదాహరణలు చూపిస్తే దాని తంటాలు అది పడి నేర్చుకుంటోంది. అందుకే ఫ్యాక్టరీ దాటి రాతపనుల్లోకి, లెక్కల్లోకి, ఫోన్లో కస్టమర్‌తో మాట్లాడే పనుల్లోకి కూడా దూరింది.

నిజంగా ఉద్యోగాలు పోతాయా, ఊరికే భయపెడుతున్నారా?

ఉద్యోగం అనేది ఒక ముక్క కాదండి, పది పనుల మూట. మిషన్ వచ్చి ముందు అందులోంచి రెండో మూడో పనులు లాగేస్తుంది, ఆ తర్వాత మిగిలిన పనికి ఎంతమంది కావాలో ఓనర్ లెక్కేసుకుంటాడు, పదిమంది చేసేది ఆరుగురితో అవుతుందని తేలితే ఇక కొత్తవాళ్ళని తీసుకోడు. పిలిచి పొమ్మనడం తక్కువ, రిటైరైన మనిషి కుర్చీ అలా ఖాళీగా వదిలెయ్యడం ఎక్కువ, అందుకే ఇదంతా పేపర్లో పెద్దగా రాదు. వరల్డ్ ఎకనామిక్ ఫోరం వాళ్ళు 2025 జనవరిలో చెప్పిన లెక్క ప్రకారం 2030 లోపు ప్రపంచం మొత్తమ్మీద 9.2 కోట్ల ఉద్యోగాలు పోయి 17 కోట్లు కొత్తవి వస్తాయంట. ఆ 17 కోట్లూ ఏఐ ఒక్కదానివల్ల వచ్చేవి కాదు, అన్ని మార్పులూ కలిపి, అదీ పెద్ద కంపెనీలని అడిగి వేసిన అంచనా. కలిపితే లాభమే కనిపిస్తుంది గానీ బెంగళూరులో డేటా ఇంజినీర్ పోస్టు ఒకటి పుడితే బాపట్లలో పని పోయిన గుమాస్తాకి ఒరిగేదేముంది?

ఒకళ్ళు 47 శాతం అంటారు, ఇంకొకళ్ళు 9 శాతం అంటారు, ఎవర్ని నమ్మాలి?

రెండూ ఉన్న లెక్కలే, కొలిచిన బద్ద వేరు. 2013లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రే, ఆస్బర్న్ అనే ఇద్దరు అమెరికా ఉద్యోగాల్లో 47 శాతానికి గట్టి ముప్పుందన్నారు, వాళ్ళు ఉద్యోగాన్ని మొత్తంగా ఒక ముద్దలా తీసుకుని చూశారు. 2016లో ఓఈసీడీ అని ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమి కోసం ఇంకో టీమ్ అదే ఉద్యోగాన్ని లోపలి పనులుగా విడగొట్టి చూస్తే ముప్పున్నవి సగటున 9 శాతమే తేలాయి. 2024లో ఐఎంఎఫ్ ప్రపంచంలో దాదాపు 40 శాతం ఉద్యోగాలని ఏఐ తాకుతుందంది, ధనిక దేశాల్లో 60 శాతం దాకా. తాకడం అంటే పోవడం కాదు, సగం మందికి దానివల్ల పని సులువు కూడా అవ్వచ్చు. అదే ఏడాది ఎకనామిక్స్ నోబెల్ తీసుకున్న అసిమోగ్లు అయితే పదేళ్ళలో ఏఐకి అప్పజెప్పితే గిట్టుబాటయ్యే పనులు 5 శాతం దగ్గరే ఉంటాయని చల్లగా చెప్పాడు. నా వరకు శాతాలు పక్కనపెట్టి మన పనిలో ఇవాళ ఏ ముక్క మిషన్ చేస్తోందో చూసుకోవడమే మేలనిపిస్తుంది.

కంప్యూటర్లు వచ్చినప్పుడు కూడా ఇలాగే గోల చేశారుగా, ఏమైంది?

గోల చేసింది నిజమే, 1960ల్లో కలకత్తాలో ఎల్ఐసీ ఆఫీసులోకి కంప్యూటర్ రానివ్వకుండా ఉద్యోగులు కాపలా కాశారు. బ్యాంకుల్లో 1983లో యూనియన్లతో ఒప్పందం చేసుకున్నాకే కంప్యూటర్లు మెల్లగా లోపలికొచ్చాయి. ఉన్నవాళ్ళని తీసెయ్యకుండా ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరిగింది కాబట్టి రోడ్డున పడ్డవాళ్ళు కనపళ్ళేదు. అమెరికాలో ఏటీఎంలు వచ్చాక ఇంకా విచిత్రం, ఒక్కో బ్రాంచికి క్యాషియర్లు తగ్గారు, దాంతో బ్రాంచి నడిపే ఖర్చు తగ్గింది, బ్యాంకులు ఇంకా ఎక్కువ బ్రాంచీలు తెరిచాయి, క్యాషియర్ల సంఖ్య చాలాకాలం తగ్గనేలేదు. ఫోన్లోనే బ్యాంకింగ్ వచ్చాక మాత్రం ఆ లెక్క తిరగబడింది. అప్పుడేం కాలేదు కాబట్టి ఇప్పుడూ ఏం కాదనేవాళ్ళు ఈ రెండో సగం చెప్పరు.

ముందు ఎసరు ఎవరికి? చేత్తో పనిచేసేవాళ్ళకా, కుర్చీలో కూర్చునేవాళ్ళకా?

మనం చిన్నప్పట్నుంచి విన్నదానికి తలకిందులుగా జరుగుతోంది. గుడ్డ కుట్టడం చూడండి, మెత్తగా జారిపోయే బట్టని పట్టుకుని మడతపెట్టి సూది కింద సరిగ్గా తోయడం రోబోకి ఇప్పటికీ మహా కష్టం. అడిడాస్ వాళ్ళు జర్మనీలో, అట్లాంటాలో రోబోలతో షూస్ చేద్దామని ఫ్యాక్టరీలు పెట్టి 2019లో మూసేస్తున్నామన్నారు. అదే ఉత్తరం రాయడం, రిపోర్టు కుదించడం, ఎక్సెల్ షీట్ నింపడం ఏఐకి మంచినీళ్ళ ప్రాయం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో చూస్తే అన్నిటికంటే ఎక్కువగా ఏఐ దెబ్బ తగిలేది గుమాస్తా పనులకేనని తేలింది, ఆ పనుల్లో ఆడవాళ్ళు ఎక్కువ కాబట్టి వాళ్ళమీద ఇంకా ఎక్కువ. మా వీధిలో ప్లంబర్‌కి ఫోన్ చేస్తే మూడు రోజుల తర్వాత వస్తానంటున్నాడు, ఎంకామ్ చదివిన పిల్ల మాత్రం మా షాపులో రోజూ అప్లికేషన్లు పెట్టిస్తోంది.

## చదువుకునే పిల్లల గురించి

మావాడికి సీఎస్‌ఈ సీటొచ్చింది, చేర్పించమంటారా వద్దంటారా?

ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రుల్లో సగంమంది చేర్పించి ఫీజు కట్టాకే వస్తారు! పిల్లాడికి ఇష్టం ఉంటే చేర్పించండి, పక్కింటివాడి కొడుక్కి ప్యాకేజీ వచ్చిందని మాత్రం చేర్పించకండి. ఇన్నాళ్ళూ మన దగ్గర నడిచిన ఫార్ములా ఏంటంటే ఏదో ఒక కాలేజీలో సీఎస్‌ఈ, అమీర్‌పేటలో నాలుగు నెలల కోర్సు, టెస్టింగ్‌లోనో సపోర్ట్‌లోనో ఉద్యోగం. ఏఐ ముందు నములుతోంది సరిగ్గా ఆ టెస్టింగ్, సపోర్ట్, పాత కోడ్‌ని కొత్తదానిలోకి మార్చే పనుల్నే. కోడ్ రాయడం చవకైపోయింది, ఏం రాయాలో తెలియడం, రాసింది తప్పో ఒప్పో పట్టుకోవడం ఖరీదైంది. లెక్కలు, డేటా స్ట్రక్చర్లు, ఒక బ్యాంకో ఆసుపత్రో ఎలా నడుస్తుందో తెలిసిన పిల్లాడికి ఇబ్బంది తక్కువ, గైడ్ బట్టీపట్టి పాసైనవాడికి మాత్రం సీటు ఏ కాలేజీదైనా ఇబ్బందే.

ఫ్రెషర్స్‌ని తీసుకోవట్లేదంట, నిజమేనా?

పూర్తిగా ఆగలేదు గానీ బిగిసిందన్నది నిజం. అమెరికాలో జీతాల రికార్డులు పట్టుకుని స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2025లో చూస్తే, ఏఐ ఎక్కువగా తాకే ఉద్యోగాల్లో 22 నుంచి 25 ఏళ్ళ పిల్లల ఉపాధి మిగతావాళ్ళతో పోలిస్తే 13 శాతం తగ్గింది, అదే పనుల్లో పెద్దవాళ్ళది తగ్గలేదు. మన ఐటీ కంపెనీలు పిరమిడ్‌లాగా నడిచాయి, కింద వందలమంది ఫ్రెషర్స్, పైన కొద్దిమంది మేనేజర్లు, 50 లక్షలకు పైగా మనుషులున్న ఆ ఇండస్ట్రీ మొత్తం ఆ కింది మెట్టు మీదే నిలబడింది. టీసీఎస్ 2025 జులైలో 2 శాతం మందిని, అంటే 12 వేల పైచిలుకు తగ్గిస్తామంది, ఎక్కువగా మధ్య, పై మెట్ల వాళ్ళనే, కారణం ఏఐ కాదని కూడా చెప్పింది, ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. నాకు అర్థంకాని సంగతి ఇంకోటి, కింది మెట్టు తీసేస్తే పదేళ్ళ తర్వాత సీనియర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? ఏ కంపెనీకాకంపెనీ పక్కవాడు పెంచితే మనం లాక్కుందాంలే అనుకుంటున్నట్టుంది.

ఏఐ ముట్టుకోలేని కోర్సు ఏదైనా ఉందా?

ఉందని చెప్పేవాడు మీకు ఏదో అమ్ముతున్నాడు. 2016లో ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్, తర్వాత 2024లో ఫిజిక్స్ నోబెల్ వచ్చిన ఆయనే, ఇక రేడియాలజిస్టులకి ట్రైనింగ్ ఇవ్వడం ఆపేయండి, ఐదేళ్ళలో కంప్యూటరే వాళ్ళకంటే బాగా చూస్తుందన్నాడు. ఇప్పటికీ రేడియాలజీ సీటుకి ఎంత డిమాండో ఎండీ ఎంట్రన్స్ రాసేవాళ్ళని అడగండి. ఎక్స్‌రే చూడటం ఆ డాక్టర్ చేసే పనుల్లో ఒకటే, మిగతా డాక్టర్లతో మాట్లాడటం, సూది గుచ్చి ముక్క తీయడం, సంతకం పెట్టి బాధ్యత తీసుకోవడం ఇవన్నీ ఉన్నాయి. కాబట్టి కోర్సు పేరు చూడకండి, ఆ పనిలో మనిషి ఎదురుగా ఉండాల్సినవి, చెయ్యి తిరగాల్సినవి, తప్పయితే ఎవరో ఒకళ్ళు జవాబు చెప్పాల్సినవి ఎన్నున్నాయో చూడండి. నర్సింగ్, ఎలక్ట్రికల్ పని, ఏసీ మెకానిక్, ఇవి మన ఇళ్ళల్లో చులకనగా చూసేవే, కానీ గట్టివి.

టైపింగ్, ట్యాలీ, డీటీపీ ఇప్పుడు నేర్చుకుంటే దండగా?

నా పొట్ట మీద కొట్టే ప్రశ్న ఇది, అయినా చెప్తా. మా నాన్న లెటర్‌ప్రెస్సులో ఎడమచేతిలో స్టిక్కు పట్టుకుని కుడిచేత్తో గళ్ళపెట్టెలోంచి సీసం అక్షరాలు ఏరి పేర్చేవాడు, అక్షరాలన్నీ తిరగేసి ఉండేవి, తెలుగుకి వత్తులు గుణింతాలు కలిపి వందల గళ్ళు, ఆయన చూడకుండా ఏరేవాడు. 90ల్లో ప్రెస్సు ఓనర్ కంప్యూటర్ కొని అను అనే తెలుగు ఫాంట్లు వేయించాడు, అప్పటికే 48 ఏళ్ళున్న నాన్నని బైండింగ్‌కి మార్చి కూలి తగ్గించాడు, టైపింగ్ హయ్యర్ పాసైన నేను అదే ఓనర్ దగ్గర డీటీపీకి కూర్చున్నా. ఒకే ఇంట్లో ఒకరి పని పోయి ఇంకొకరికి వచ్చింది, రాత్రి అన్నాల దగ్గర మాత్రం దాని గురించి ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. ఇప్పుడు నా వంతు, శుభలేఖ మేటర్ చాట్‌జీపీటీలో రాయించుకుని ఫోన్లో నోటితో చెప్పి టైప్ చేసుకుని ప్రింట్ మాత్రం ఇమ్మంటున్నారు. అందుకని వట్టి టైపింగ్ నేర్చుకుని ఆగిపోవద్దు. ట్యాలీ నేర్చుకుంటే జీఎస్టీ రిటర్న్ కూడా నేర్చుకోండి, నోటీసొస్తే షాపువాడికి పక్కన మనిషి కావాలి.

## పొలంలో, మగ్గం దగ్గర

కోత మిషన్లొచ్చి కూలోళ్ళకి పని లేకుండా పోయింది, తప్పెవరిది?

ఏఐ అంటే భయపడేవాళ్ళందరూ ఒకసారి డెల్టాలో వరికోత చూడాలి, ఇరవై ఏళ్ళ నుంచి కళ్ళముందు జరుగుతున్న ఆటోమేషన్ అదే. ఇదివరకు ఎకరం కొయ్యాలంటే పది పన్నెండు మంది ఒక రోజంతా వంగాలి, పనలు మూడు నాలుగు రోజులు ఆరాలి, కట్టలు కట్టాలి, కుప్ప వెయ్యాలి, ఆ తర్వాతెప్పుడో నూర్పు. ఇప్పుడు చైన్ మిషన్ దిగితే గంట అటూ ఇటూగా గింజ ట్రాక్టర్లో ఉంటుంది. రైతు తప్పని ఎట్లా అంటాం, నవంబరు డిసెంబరు వస్తే తుపాను భయం, 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది, ఆ ముందు రోజుల్లో కోసుకున్నవాడు కోసుకున్నట్టు, చేలో ఉన్నవాడిది నీళ్ళపాలు, అలాంటప్పుడు కూలోళ్ళ ముఠా కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికుంటుంది.

కానీ ఊరికేం రాలేదు ఆ సుఖం. పచ్చిగా కోసిన గింజలో తేమ ఎక్కువ, కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే కొర్రీ, అందుకే రోడ్ల మీద ఆరబోతలు. వరి కోతకి ముందు చేలోనే మినుములు చల్లే అలవాటు మనది, ఆ మొలక మీద చైన్ నడిస్తే నలిగిపోద్ది, చాలామంది మినుము వదిలేసి మొక్కజొన్నకీ జొన్నకీ పోవడానికి తెగులుతో పాటు ఇదీ ఒక కారణం. గడ్డి చిందరవందరై దాన్ని కట్టలు కట్టడానికి ఇంకో మిషన్ బాడుగ. ఇక కోతలకి పోయే ఆడవాళ్ళకి ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులు, ఇంట్లోకి నాలుగు బస్తాలు వచ్చేది ఆ సీజన్లోనే, అది పోయింది. మగాళ్ళలో కొందరు డ్రైవర్లయ్యారు, ఆడవాళ్ళకి ఆ స్టీరింగ్ ఎవరూ ఇవ్వలేదు. మిషన్ లక్షల ఖరీదు, ఉన్నవాడే కొన్నాడు, బాడుగ వాడికే పోతోంది. మిషన్ మంచిదా చెడ్డదా అని వాదించుకునే బదులు ఆ మిషన్ ఎవరి పేరు మీదుందో కనుక్కోండి, సగం సంగతి అక్కడే తెలుస్తుంది. అదే మిషన్ కోతకి పోయే ఆడవాళ్ళ సంఘం పేరు మీద ఉంటే ఆ బాడుగ ఎవరింటికి పోయేదో ఆలోచించండి.

డ్రోన్లతో మందు కొడుతున్నారుగా, పంపు మోసేవాళ్ళ గతేంటి?

పది లీటర్ల డ్రోన్ ఎకరాన్ని పది నిమిషాల లోపే కొట్టేస్తుంది, తైవాన్ పంపు వీపున మోసేవాడికి పూట పని అది. అయితే పంపు మోసినవాడు ఆ రోజంతా మందు పీలుస్తాడు, సాయంత్రం తలనొప్పి, వాంతులు, ఈ పని అలాగే ఉండాలని నేననను. కేంద్రం 2023 నవంబరులో నమో డ్రోన్ దీదీ అని పథకం పెట్టింది, 15 వేల డ్వాక్రా తరహా మహిళా సంఘాలకి డ్రోన్లు, ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సబ్సిడీ. మిషన్ సంఘం పేరు మీద రావడం మంచి ఆలోచనే. బ్యాటరీలు పాడైతే, రెక్క విరిగితే రిపేరుకి ఎక్కడికి పోవాలి, సీజన్లో ఎన్ని ఎకరాలు దొరుకుతాయి అన్నదాన్ని బట్టి అది సంఘానికి ఆదాయమా అప్పా అన్నది తేలుద్ది. పంపు మోసిన మనిషికి మాత్రం ఏ పథకమూ పేరు పెట్టి పిలవలేదు.

మిషన్ వల్ల బాగుపడ్డ చేతిపని ఒక్కటైనా ఉందా?

ఉంది, ఆసు మిషన్. పోచంపల్లి రకం చీరకి రంగులద్దే ముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ పోయాలి, ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు ఆడాలి, నేతగాడింట్లో ఈ పని ఆడవాళ్ళదే, భుజాలు పడిపోయేవి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ బాధ చూడలేక ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1999లో లక్ష్మీ ఆసుయంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది, మగ్గం మగ్గంలాగే ఉంది, నేతగాడి పని ఎక్కడికీ పోలేదు. అదే మరమగ్గం అయితే చేనేత డిజైనే దించి చవగ్గా అమ్మి మగ్గాన్నే మింగేసింది, 1985లో కొన్ని రకాలు చేనేతకే వదిలెయ్యాలని చట్టం చేసినా అమలు అంతంతమాత్రమే. రెండూ మిషన్లే, ఒకటి నొప్పిని తీసింది, ఒకటి గిరాకీని తీసింది.

## ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి

మా ఆఫీసులో ఏఐ టూల్ పెట్టారు, దానికి నేనే నేర్పిస్తున్నా, నా గొయ్యి నేనే తవ్వుకుంటున్నానా?

కొంతవరకు అవుననే చెప్పాలి, దాచి లాభం లేదు. మీరు రోజూ దిద్దే తప్పులే దానికి పాఠాలు. అలాగని ముట్టుకోనని భీష్మించుకుంటే మీ పక్క సీటువాడు నేర్చుకుంటాడు. తెలివైన పద్ధతేంటంటే అది ఎక్కడ బోల్తా కొడుతోందో మీరు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోండి, తెలుగు పేర్లు తారుమారు చెయ్యడం, సెంట్లు గజాలు కలిపెయ్యడం, లేని జీవో నంబరు ఉందని చెప్పడం లాంటివి, ఆ లిస్టు తెలిసిన మనిషి ఆఫీసుకి అవసరం. ఎవరి పని ఎంత తగ్గిందో మేనేజర్ చెప్పకముందే మీకు తెలిసుండాలి. హాలీవుడ్ రచయితలు 2023లో 148 రోజులు సమ్మె చేసి ఏఐని ఎలా వాడాలో ఎలా వాడకూడదో ఒప్పందంలో రాయించుకున్నారు, ఒక్కొక్కరే పోయి అడిగుంటే ఆ షరతులు వచ్చేవి కాదు.

డెలివరీ, క్యాబ్ పనులున్నాయిగా, ఉద్యోగం పోతే అందులోకి పోవచ్చుగా?

పోతున్నారు, నీతి ఆయోగ్ 2022లో వేసిన లెక్క ప్రకారం 2020-21లో ఇలాంటి పనుల్లో 77 లక్షలమంది ఉన్నారు, 2029-30కి 2.35 కోట్లవుతారంట. ఇక్కడ మిషన్ మీ పనిని తీసుకోదు, మీ మేస్త్రీ పనిని తీసుకుంటుంది. ఏ ఆర్డర్ ఎవరికి, ఎంత రేటు, ఎవరి ఐడీ బ్లాక్ అన్నీ యాప్ చూసుకుంటుంది. మేస్త్రీ అయితే తిట్టినా బతిమాలితే వినేవాడు, యాప్‌ని ఏమని బతిమాలతాం? డ్రైవర్ లేని కార్ల భయం మాత్రం మన రోడ్ల మీద ఇప్పట్లో లేదు, శాన్‌ఫ్రాన్సిస్కోలో తిరుగుతున్నాయి గానీ ఇక్కడికి రానివ్వనని గడ్కరీ గారు ఒకటికి రెండుసార్లు చెప్పారు, పైగా మా బోస్ రోడ్డులో సాయంత్రం ఆరింటికి దాన్ని వదిలితే అదే దణ్ణం పెట్టి ఆగిపోద్ది.

40 దాటాయి, ఇప్పుడు కొత్తగా నేర్చుకోగలనా?

నేర్చుకోవడం సమస్య కాదు, నేర్చుకునేటప్పుడు ఇల్లు ఎలా గడవాలన్నదే సమస్య. స్కిల్ పెంచుకోండి అని స్టేజీల మీద చెప్పేవాళ్ళు ఆ ఆరు నెలల ఈఎంఐ ఎవరు కడతారో చెప్పరు. సున్నా నుంచి మొదలెట్టి కుర్రాళ్ళతో పోటీపడద్దు, మీకు ఇప్పటికే తెలిసిన రంగంలోనే పక్కకి జరగండి. ఇరవై ఏళ్ళు ఎరువుల షాపులో అకౌంట్లు రాసినవాడికి కోడింగ్ అక్కర్లేదు, రైతుల బాకీలు, కంపెనీల స్కీములు, సీజన్ ఎప్పుడు బిగుస్తుందో వాడికి తెలుసు, ఫోన్లో స్టాక్ సాఫ్ట్‌వేర్ వాడటం పది రోజుల్లో వస్తుంది.

ఉద్యోగం తీసేస్తే చట్టప్రకారం ఏం వస్తుంది?

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకొచ్చాయి. ఏడాది సర్వీసు నిండిన వర్కర్‌ని తీసెయ్యాలంటే నెల ముందు నోటీసు లేదా నెల జీతం, సర్వీసులో ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారం. ఇది కాక కొత్త పని నేర్చుకోడానికి రీస్కిల్లింగ్ ఫండ్ అని కొత్తగా పెట్టారు, ఓనర్ 15 రోజుల జీతం కట్టాలి, తీసేసిన 45 రోజుల్లో అది మీ ఖాతాలో పడాలి. ఫ్యాక్టరీల్లాంటి చోట 300 మందికి తక్కువుంటే ప్రభుత్వాన్ని ముందుగా అడగక్కర్లేదు, ఇదివరకు కేంద్ర చట్టంలో ఆ హద్దు 100. మేనేజర్లు, నెలకి 18 వేలు దాటిన సూపర్‌వైజర్లు ఈ వర్కర్ లెక్కలోకి రారు. ముఖ్యమైనది చెప్తా వినండి, రాజీనామా రాసిచ్చెయ్యి, ఎక్స్‌పీరియన్స్ లెటర్ మంచిగా ఇస్తాం అంటే గబుక్కున సంతకం పెట్టొద్దు. మీ అంతట మీరు మానేసినట్టు కాగితం ఉంటే ఈ పరిహారాలేవీ రావు. ఆ కాగితం టైప్ చేయించుకోడానికి మా షాపుకి వచ్చినవాళ్ళని ఇద్దర్ని వెనక్కి పంపి లేబర్ ఆఫీసుకెళ్ళమన్నా.

## రేపటి సంగతులు

పనులు లేకపోతే అందరికీ నెలకింత డబ్బిచ్చేస్తే సరిపోదా?

ఆలోచన పాతదే, చోటా మోటా ప్రయోగాలు జరిగాయి. ఫిన్లాండ్‌లో 2017, 18లో పని లేని 2000 మందికి నెలకి 560 యూరోలు ఇచ్చారు, సోమరులేం కాలేదు, ఉద్యోగాలు కొద్దిగానే పెరిగాయి, మనశ్శాంతి మాత్రం పెరిగింది. మధ్యప్రదేశ్‌లో సేవా (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం, యూనిసెఫ్ కలిసి కొన్ని ఊళ్ళల్లో పెద్దవాళ్ళకి నెలకి 200, తర్వాత 300 రూపాయలిస్తే తిండి, పిల్లల చదువు మెరుగయ్యాయి. మన తెలుగువాళ్ళకి దగ్గరి పాఠం రైతుబంధు, 2018లో తెలంగాణలో సీజన్‌కి ఎకరాకి 4000తో మొదలైంది, డబ్బు పట్టాదారు ఖాతాకి పోయింది, నిజంగా దున్నిన కౌలు రైతుకి పైసా రాలేదు. ఎవరికివ్వాలి అన్న దగ్గర భూమి కాగితం అడిగితే డబ్బు భూమి ఉన్నవాడికే పోతుంది, రేపు ఏఐ లాభాల్లోంచి ఏమైనా పంచినా ఏ కాగితం అడుగుతారన్నదే అసలు తగాదా.

రోబోల మీద పన్ను వేస్తే?

2017లో బిల్ గేట్స్ ఈ మాటన్నాడు, అదే ఏడాది యూరప్ పార్లమెంటు వద్దంది. చిక్కేంటంటే రోబో అంటే ఏదో గీత గియ్యలేం, నా జిరాక్స్ మిషన్ రోబోనా? నాకైతే పెట్టుబడి లాభాల మీదే సరిగ్గా వసూలు చేస్తే చాలనిపిస్తుంది, ఇప్పుడు మనిషిని పెట్టుకుంటే పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలి, మిషన్ కొంటే అరుగుదల కింద పన్ను తగ్గింపు, తూకం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా.

పని గంటలైనా తగ్గుతాయా?

1930లో కీన్స్ అనే ఎకనామిక్స్ పెద్దాయన వందేళ్ళలో మన మనవలు వారానికి 15 గంటలు పనిచేస్తే చాలన్నాడు. 2030 వచ్చేస్తోంది. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు కుర్రాళ్ళు వారానికి 70 గంటలు చెయ్యాలన్నారు. ఇంతే సంగతులు.

కొన్ని పనులు మిషన్లకి పోతేనే మంచిది కదా?

నిజంగా మంచిది, మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగే పని ఒక్కరోజు కూడా మిగలకూడదు. 2013లో చట్టం గట్టిగానే చేశారు, అయినా గ్యాస్ పట్టి చనిపోతూనే ఉన్నారు, కోలార్ గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు ఏళ్ళుగా పోరాడేది దీనిమీదే. కేరళ కుర్రాళ్ళు 2018లో మ్యాన్‌హోల్ శుభ్రంచేసే బాండికూట్ అనే రోబో తెచ్చారు. హైదరాబాద్ వాటర్ బోర్డు 2017లో సందుల్లో పట్టే చిన్న జెట్టింగ్ మిషన్లు దించి వాటిని దళిత యువకుల్నే ఓనర్లని చేసి నడిపించింది. దిగేవాడు ఓనరయ్యాడా, కనీసం వాడి కొడుకైనా అయ్యాడా అని ఊరూరా అడగాల్సిన ప్రశ్న ఇది, ఎందుకంటే మిషన్ కొని కాంట్రాక్టు ఇంకెవరికో ఇచ్చేస్తే వాడి ప్రాణం నిలిచినా కూలి పోతుంది.

ఇంతకీ మీ షాపు ఎన్నాళ్ళుంటుంది?

టైపింగ్ మీదొచ్చే డబ్బులు ఎప్పుడో సగానికి పడిపోయాయి. ఇప్పుడు షాపు నడిచేది మిషన్లకీ మనుషులకీ మధ్య కుదరని చోట. మొన్న ఒక మామ్మగారు ఈకేవైసీకి వచ్చింది, నాట్లకీ కలుపుకీ పోయి పోయి వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి, పది వేళ్ళూ పెట్టించా, ఒక్కటీ పళ్ళేదు. తడిగుడ్డతో తుడిచాం, కొబ్బరినూనె రాశాం, ఆధార్‌కి ఉన్న ఫోన్ నంబరు ఎప్పుడో పోయిన మనవడిది. "ఈ మిసను నన్ను గుర్తుపట్టదంటావేంట్రా అబ్బాయ్" అంది. కనుపాప మిషన్ పక్కూళ్ళో ఉందంటే మా కుర్రాణ్ణి బండిచ్చి తోడు పంపించా, సాయంత్రానికి పనైంది. ఇరవై ఇవ్వబోతే వద్దన్నా, బల్ల మీద పెట్టేసి పోయింది.